సోమవారం బండి, డిసెంబర్ బండి: ఇందులో నిజమెంత?

వేళచ్చేరి అల్లుడు:
అందరికీ నమస్కారం. కారు బుక్ చేశాను. డిసెంబర్‌లో తయారైన బండి స్టాకులో ఉందనీ, తీసుకుంటే నలభై వేలు తగ్గిస్తామనీ షోరూమ్ వాళ్ళు అంటున్నారు. ఇక ఇంట్లో మొదలైంది. సూళ్లూరుపేట నుంచి మామగారు ఫోన్ చేసి, "అల్లుడుగారూ, సోమవారం తయారైన బండి మాత్రం వద్దండి, ఆదివారం మందు దిగనివాళ్ళు బిగించి ఉంటారు" అన్నారు. మంచి బళ్ళన్నీ మన చెన్నై పక్క ఎన్నూరు పోర్టు నుంచి విదేశాలకు వెళ్ళిపోతాయి, మిగిలినవే మనకు వదులుతారు అని ఆఫీసులో ఒకాయన. డిసెంబర్‌లో టార్గెట్ కోసం లైన్ స్పీడ్ పెంచి, బోల్టులు చేత్తో తిప్పి వదిలేస్తారని వాట్సాప్‌లో ఇంకొకటి. మా ఆవిడ డిస్కౌంట్ తీసుకుని ఊరుకోమంటోంది. ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది. ఛాసిస్ నంబర్ చూస్తే ఏ వారం తయారైందో తెలుస్తుందా?

పెరంబూర్ పాత పేపర్లు:
మీ మామగారి మాట అమెరికా నుంచి వచ్చిందండీ! 1970ల మొదట్లో అక్కడి కార్ల ఫ్యాక్టరీల్లో సోమ, శుక్రవారాలు డుమ్మా కొట్టేవాళ్ళు ఎక్కువ. ఒహాయోలోని లార్డ్స్‌టౌన్‌లో జనరల్ మోటార్స్ ప్లాంట్ గంటకు 100 బళ్ళ స్పీడుతో నడిచేది, 1972లో సమ్మె కూడా జరిగింది. డోర్ లోపల ఎవరో సీసా వేలాడదీశారనీ, ఖరీదైన కారు కొన్నాయన ఆ చప్పుడేమిటో తెలియక డోర్ విప్పిస్తే "దొరికిందా చివరికి" అని చీటీ ఉందనీ అక్కడ ఒక కథ. ఎవరి కారో ఎవరికీ తెలియదు, చెప్పే ప్రతివాడికీ తెలిసినవాడి కారే.

పాత ట్రిమ్ లైన్:
గూడూరులో డిప్లొమా చేసి, ఒరగడం వైపు ఒక కార్ల ఫ్యాక్టరీలో ట్రిమ్ లైన్‌లో, అంటే పెయింటైన బాడీకి లోపలి భాగాలు బిగించే చోట, చేరాను. తర్వాత ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌లో పనిచేశాను. పూందమల్లి రోడ్డు మీద కంపెనీ బస్సుల్లో నిద్రపోతూ వెళ్ళేవాళ్ళలో మనవాళ్ళకు కొదవేం లేదు.

ముందు సోమవారం సంగతి. ఏ కారూ మొత్తం ఒక్క రోజులో తయారవదు తమ్ముడూ. ప్రెస్ షాప్‌లో డోర్ల రేకులు, బానెట్ల రేకులు ముందే కొట్టి ర్యాకుల్లో పెట్టి ఉంటాయి. బాడీ షాప్‌లో రోబోలు వాటిని కలిపి స్పాట్ వెల్డింగ్ చేస్తాయి, ఒక్కో బాడీకి వేలల్లో చుక్కలు పడతాయి. తర్వాత పెయింట్ షాప్: కడగడం, తుప్పు పట్టకుండా ప్రైమర్ పట్టించే ఈడీ ట్యాంకులో ముంచడం, సీలర్, బేస్ కోటు, క్లియర్ కోటు, మధ్యమధ్య ఓవెన్. పెయింటైన బాడీలు మా దగ్గరికి వచ్చేముందు స్టోరేజ్‌లో వరుసగా ఆగుతాయి. ఇంజిన్ ఎప్పుడో తయారై ఉంటుంది. సీట్లు దీనికి పూర్తిగా ఉల్టా. మీ బండి లైనెక్కాక సప్లయర్‌కు కబురు వెళ్తుంది, లైన్ మీద ఏ వరుసలో బళ్ళున్నాయో అదే వరుసలో సీట్లు లారీలో దిగుతాయి. సోమవారం లైన్ దిగిన బండికి వెల్డింగ్ శనివారమే అయి ఉండొచ్చు. మరి మామగారు ఏ రోజును తిడతారు?

సోమవారం కొందరు రారు, నిజమే. పొంగల్ సెలవుల తర్వాత ఇంకా ఎక్కువ. అప్పుడు రానివాడి బదులు పనిచేసే రిలీవరో టీమ్ లీడరో ఆ స్టేషన్‌లో నిలబడతాడు. మా టీమ్ లీడర్ దిగితే పని మాకన్నా శుభ్రంగా అయ్యేది, తిట్లు మాత్రం ఫ్రీ.

బోల్టుల మాటకొస్తే, సీటు బెల్టు, స్టీరింగ్, బ్రేకు, సస్పెన్షన్ లాంటి చోట్ల బోల్టులు బిగించే గన్నులు కంట్రోలర్‌కు కలిపి ఉంటాయి. టార్క్, అంటే బిగింపు బలం, సరిపడా రాకపోతే ఎర్ర లైటు. ఒక్క బోల్టు తగ్గినా స్టేషన్ చివర లైన్ ఆగుతుంది, అందరూ నీవైపే చూస్తారు. బిగించిన విలువ బండి నంబర్ కింద రికార్డవుతుంది. క్లిప్పులు, వైరింగ్ కనెక్టర్లు, డోర్ ట్రిమ్ మాత్రం మనిషి చేతి మీదే నడుస్తాయి. 'టక్' మందా లేదా, అంతే. కొత్త బండిలో గలగల వినిపిస్తే నా అనుమానం మొదట వీటి మీదికే పోతుంది.

లైన్ స్పీడ్ రెగ్యులేటర్ తిప్పితే పెరిగే ఫ్యాన్ కాదు. బాడీ, పెయింట్, సప్లయర్ల లారీలు అన్నీ ఆ స్పీడుకే కట్టి ఉంటాయి. బళ్ళు ఎక్కువ కావాలంటే ఓవర్‌టైమ్ పెడతారు, ఆదివారం రమ్మంటారు.

ఎక్స్‌పోర్ట్ పుకారు విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. మా లైన్‌లో లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్ బండి వెనకే మన రైట్ హ్యాండ్ డ్రైవ్ బండి వచ్చేది. రేకులు కొట్టే డై అదే, అదే పెయింట్, అదే గన్ను. తేడా ఉంటే స్పెక్‌లో ఉంటుంది. ఏ దేశానికి ఎన్ని ఎయిర్‌బ్యాగులు, లోపల ఎక్కడ అదనపు రేకు అన్నది కంపెనీ ముందే నిర్ణయిస్తుంది, లైన్‌లో ఎవరూ ఏరరు. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు మన మార్కెట్ కార్లను గుద్దించి సున్నా స్టార్లు ఇచ్చాక జనం స్పెక్ తేడానూ, లైన్‌లో ఏరతారన్న పుకారునూ కలిపేశారు. 2019లో ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి, 2023 అక్టోబరులో మన దేశపు సొంత రేటింగ్ భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది. మీ మోడల్‌కు రేటింగ్ ఉందేమో చూసుకోండి.

గిండీ గ్యారేజ్:
ట్రిమ్ లైన్ అన్నా, ఫ్యాక్టరీ మరీ అంత దేవాలయమేం కాదు. చిప్‌ల కొరత రోజుల్లో పార్టు రాకపోయినా బండిని లైన్ దించేసి, యార్డులో నిలబెట్టి, తర్వాత బిగించలేదా? నా దగ్గరికి వచ్చే కొత్త బళ్ళలో డాష్‌బోర్డు ఒకసారి విప్పి పెట్టిన గీతలు కనిపిస్తుంటాయి.

పాత ట్రిమ్ లైన్:
అది మాత్రం కరెక్ట్. లైన్ మీద ఒక్కో పనికీ ఒక స్టేషన్, ఒక టూల్, ఒక చెకింగ్ ఉంటాయి. లోపమున్న బళ్ళను సరిచేసే రీవర్క్ బేలో ఒకే మనిషి నాలుగు పార్టులు విప్పి ఒకటి మార్చి మళ్ళీ నాలుగూ బిగిస్తాడు. నేను ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నప్పుడు రీవర్క్ ట్యాగ్ ఉన్న బండి వస్తే రెండోసారి చూసేవాణ్ణి. కస్టమర్‌కు ఆ ట్యాగ్ కనిపించదు, అదే గొడవ.

అల్లుడూ, మీ డిసెంబర్ బండి విషయంలో నేను భయపడేది నీళ్ళకు. మన చెన్నైలో పెద్ద వానలు ఆ రోజుల్లోనే కదా. 2015లోనూ, 2023 మిచాంగ్ తుఫానప్పుడూ డిసెంబర్‌లోనే ఊరు మునిగింది. మీ బండి ఏ యార్డులో, ఎన్నాళ్ళు నిలబడిందో అడగండి. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడండి. కార్పెట్ కింద, స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టండి. బ్యాటరీ, వైర్ల మీద ఎలుక పళ్ళు, రూఫ్ మీద పక్షి రెట్ట తిన్న మచ్చలు కూడా. బ్రేక్ డిస్క్ మీద పలచటి తుప్పుకు కంగారు పడకండి, నాలుగు బ్రేకులకు పోతుంది.

ఛాసిస్ నంబర్ 17 అక్షరాలు, అంకెలు కలిపి ఉంటుంది. అందులో నెల, సంవత్సరం దొరుకుతాయి, వారం దొరకదు. ఏ స్థానంలో అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. టైరు మీది నాలుగంకెలు మాత్రం వారం చెప్తాయి: 3824 అంటే 2024లో 38వ వారం. అది టైరు పుట్టిన వారం, బండిది కాదు. ఇంకొకటి, జనవరి వచ్చాక ఈ బండిని పాత సంవత్సరం మోడల్‌గానే లెక్కేస్తారు. రెండు మూడేళ్ళలో అమ్మే ఉద్దేశముంటే ఆ నలభై వేలు అక్కడే పోతాయి. పదేళ్ళు వాడుకునేవాళ్ళకు లాభమే.

వేళచ్చేరి అల్లుడు:
చాలా థాంక్స్ అన్నా. పదేళ్ళు వాడేవాణ్ణే. ఇప్పుడే షోరూమ్‌కు ఫోన్ చేశాను. ముందు రిజిస్ట్రేషన్, డెలివరీ రోజు బండి చూపిస్తాం అంటున్నారు.

పాత ట్రిమ్ లైన్:
రిజిస్ట్రేషన్ అయ్యాక చేసేది ఇన్‌స్పెక్షన్ కాదు, దర్శనం. బండి చూశాకే మిగతా డబ్బు అని చెప్పండి. బండితో పాటు కంపెనీ ఇచ్చే ఫారం 22 సర్టిఫికెట్‌లో ఉన్న ఛాసిస్ నంబర్, బండి మీది నంబర్ ఒకటేనా కూడా చూడండి.

గిండీ గ్యారేజ్:
స్టాక్ యార్డు తిరువళ్ళూర్ రోడ్డు వైపు అయితే చెప్పండి, శనివారం మధ్యాహ్నం షాప్ మూసి నేనూ వస్తాను. స్కానర్, టార్చి నా దగ్గరున్నాయి. మామగారిని మాత్రం తీసుకురాకండి.