ఒహాయో: పాప కాథలిక్ స్కూల్లో 20 గంటల సర్వీస్, లెంట్ ఫుడ్ డ్రైవ్. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొలంబస్_అమ్మ:
పాప సెకండ్ గ్రేడ్. ఇంటి దగ్గర చర్చి వాళ్ల ఎలిమెంటరీ స్కూలు. మేం హిందువులం, శాకాహారులం. కుటుంబానికి ఏడాదికి 20 గంటల సర్వీస్ (జీతం లేని సేవ) ఉంది. చేయకపోతే మిగిలిన గంటలకు డబ్బు కట్టాలి. జనవరి సగం అయింది, మా ఖాతాలో 3 గంటలే ఉన్నాయి. ఈ ఏడాది (2026) ఫిబ్రవరి 18న లెంట్, అంటే ఈస్టర్ ముందు ఉపవాస కాలం, మొదలవుతుంది కదా, ఫుడ్ డ్రైవ్ (పేదలకు తిండి సరుకులు పోగుచేయడం), రైస్ బౌల్ అనే అట్టపెట్టెల డబ్బు లెక్క మమ్మల్ని చూసుకోమన్నారు. స్కూల్లో మొత్తం 210 మంది పిల్లలు.

నేను హెచ్-4 (డిపెండెంట్ వీసా), ఈఏడీ (వర్క్ పర్మిట్) లేదు, సోషల్ నంబర్ కూడా లేదు. వాలంటీరుగా చేయొచ్చా? ఏడేళ్ల పిల్లలతో ఏ పనులు చేయించొచ్చు? చర్చిలో శుక్రవారం పెట్టే ఫిష్ ఫ్రై భోజనాల్లో మాలాంటి వాళ్లకు పనుంటుందా? అసలు కాస్ట్‌కో హోల్‌సేల్ స్టోర్లో నాలుగు కేసుల డబ్బాలు కొని ఇచ్చేస్తే సరిపోదా అంటున్నారు మా ఆయన.

విచారణ_ఆఫీసు:
ముందు కాగితాల పని చూసుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే. 2002 జూన్‌లో అమెరికా బిషప్పులు డాలస్‌లో సమావేశమై పిల్లల రక్షణకు ఒక చార్టర్ ఆమోదించారు. పిల్లల దగ్గర పనిచేసే వాలంటీర్లకు బ్యాక్‌గ్రౌండ్ చెక్, శిక్షణ అప్పటినుంచి తప్పనిసరి. చాలా మేత్రాసనాల్లో (ఒక్కో బిషప్ పరిధి) వర్టస్ అనే కార్యక్రమం వాళ్ల కోర్సు వాడతారు. హాల్లో కూర్చుని వింటే దాదాపు 3 గంటలు. అది అయ్యేదాకా క్లాసులోకి రానివ్వరు, డబ్బాలు సర్దడానికైనా సరే. చాలామంది లెంట్ మొదలయ్యాక పేరు నమోదు చేసుకుంటారు. అప్పటికి దగ్గర్లోని సెషన్లు నిండిపోయి ఉంటాయి. ఈ వారమే చేయండి. ఆ శిక్షణ గంటలను 20లో కలుపుతారేమో కూడా అడగండి, కొన్ని స్కూళ్లు కలుపుతాయి.

సోషల్ నంబర్ లేకపోతే ఆన్‌లైన్ ఫామ్ ఆ గడి దగ్గరే ఆగిపోతుంది. తొమ్మిది సున్నాలు కొట్టి ముందుకు పోవద్దు, తర్వాత అదో తలనొప్పి. చర్చిలో సేఫ్ ఎన్విరాన్‌మెంట్ కోఆర్డినేటర్ అని ఒకరుంటారు. పాస్‌పోర్టు తీసుకెళ్లి ఆయన్నో ఆమెనో కలిసి, నంబర్ లేనివాళ్లకు ఏం చేస్తారో అడగండి. కొన్నిచోట్ల వేలిముద్రలతో పని జరిగిపోతుంది.

వీసా సంగతి. ప్రతిఫలం లేకుండా, మామూలుగా ఎవరూ జీతం తీసుకోని పని అయితే హెచ్-4 మీద వాలంటీరుగా చేయడానికి అడ్డు లేదు. చిక్కంతా ప్రతిఫలం దగ్గరే. గంటలు చేస్తే ట్యూషన్ ఇంత తగ్గిస్తాం అని స్కూలు రాసిస్తే అది జీతం లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. మీ కాంట్రాక్టులో ఏ మాట ఉందో చూసి ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్కసారి అడగండి. ఇవి కుటుంబం గంటలు కాబట్టి మీవారు చేసినా చెల్లుతాయి. అదే అన్నిటికన్నా తేలిక దారి.

ప్యాంట్రీ_శనివారం:
కాస్ట్‌కో కేసులు ప్యాంట్రీకి (పేదలకు ఉచితంగా సరుకులిచ్చే చోటు) పనికొస్తాయి, అందులో తప్పేం లేదు. కానీ స్కూలు ఈ పని పెట్టింది పిల్లల కోసం. కొనేది మీరు, మోసేది మీరు అయితే పాపకు దక్కేది స్టిక్కర్ ఒక్కటే.

సరుకు ఎవరికి వెళ్తుందో కనుక్కోండి. చాలా విచారణల్లో (ఒక్కో చర్చి పరిధి) సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ ఉంటుంది, 1833లో పారిస్‌లో విద్యార్థులు మొదలుపెట్టిన సంస్థ. ప్యాంట్రీ నడిపేది మామూలుగా వాళ్లే. ఫోన్ చేసి మూడు అడగండి: ఇప్పుడు ఏది తక్కువగా ఉంది, ఏది వద్దు, సరుకు ఏ రోజు ఏ టైముకి దింపుకుంటారు. అడక్కుండా డ్రైవ్ పెడితే గ్రీన్ బీన్స్, క్రాన్‌బెర్రీ సాస్ గుట్టలుగా వచ్చి పడతాయి. ప్రతి ఇంట్లోనూ అల్మారా వెనక మిగిలేవి అవే మరి.

క్లాసుల మధ్య డబ్బాల సంఖ్య మీద పోటీ పెట్టొద్దు. సంఖ్యకి బహుమతి అంటే ర్యామెన్ ప్యాకెట్లు, అన్నిటికన్నా చవక డబ్బాలు కుప్పలుగా వస్తాయి. వారానికో రకం పెట్టండి: మొదటి వారం ట్యూనా, చికెన్, బీన్స్. రెండో వారం పళ్లు, కూరగాయలు. మూడో వారం ఓట్స్, సీరియల్. నాలుగో వారం సబ్బు, టూత్‌పేస్టు, 5, 6 సైజు డైపర్లు. ఈ నాలుగోదాన్ని వదలకండి. స్నాప్ కార్డుతో (ప్రభుత్వం ఇచ్చే తిండి సాయం) తిండి కొనొచ్చు గానీ సబ్బు, డైపర్లు కొనడానికి వీల్లేదు. ప్యాంట్రీల్లో ఎప్పుడూ కరువొచ్చేవి అవే. మార్చి 29 మట్టలాదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం), అందుకని మార్చి 27 శుక్రవారానికి సరుకు దింపేయాలి. మధ్యలో స్ప్రింగ్ బ్రేక్ ఉంటే ఆ వారాన్ని లెక్కలోంచి తీసేయండి.

బరువు లెక్క: 15 ఔన్సుల డబ్బా రేకుతో కలిపి దాదాపు 17 ఔన్సులు తూగుతుంది. 210 మంది తలా 3 తెస్తే 630 డబ్బాలు, దగ్గర దగ్గర 670 పౌన్లు. ఒక్క కారులో వేసే బరువు కాదది, రెండు మినీవ్యాన్లైనా కావాలి. ప్రింటర్ పేపర్ వచ్చే అట్టపెట్టెలు ఆఫీసులో అడిగి దాచండి. పెద్దవాళ్లు ఎత్తేదాంట్లో 24 డబ్బాలకు మించొద్దు, అప్పటికే 25 పౌన్లు దాటుతుంది. అడుగున అడ్డంగా, నిలువుగా రెండు పట్టీలు టేపు వేయండి, లేకపోతే మెట్ల మీదే అడుగు ఊడిపోతుంది.

సెకండ్ గ్రేడ్ పిల్లలు చేయగలిగినవి: డబ్బా మీద తేదీ వెతకడం, రకాల వారీగా బల్లల మీద పెట్టడం, పదేసి లెక్కపెట్టి చార్టులో గీతలు గీయడం. ముగ్గురికో బల్ల చాలు. తేదీ దాటినవి, నొక్కుకుపోయినవి పెట్టడానికి పక్కన ఎర్ర కాగితం అంటించిన పెట్టె ఒకటి ఉంచండి. వాటి సంగతి తేల్చేది పెద్దవాళ్లు. నొక్కు పక్క గోడ మీద చిన్నదైతే ఫర్వాలేదు. అంచు అతుకు మీద ఉన్నా, మూత ఉబ్బినా పారేయాల్సిందే, బొటులిజం అనే విషాహార జబ్బు భయం ఉంటుంది. బేబీ ఫార్ములా తేదీ ఒక్కరోజు దాటినా ఇవ్వొద్దు. గాజు సీసాలు చాలా ప్యాంట్రీలు తీసుకోవు. ఇంట్లో పెట్టిన పచ్చళ్లు ఎక్కడా తీసుకోరు, ఎంత బాగున్నా సరే. ఇంకొకటి, స్కూలు నట్-ఫ్రీ (వేరుశెనగ, బాదం లాంటివి రానివ్వనిది) అయితే పీనట్ బటర్ పిల్లల బ్యాగుల్లో రానివ్వకండి, పెద్దవాళ్లు నేరుగా చర్చి దగ్గర ఇవ్వాలి.

చిల్లర_లెక్క:
రైస్ బౌల్ గురించి. కాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ వాళ్ల కార్యక్రమం అది, 1975లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో మొదలైంది. లెంట్ మొదటి రోజైన విభూది బుధవారం నాడు అట్టపెట్టె ఇంటికి వస్తుంది, ఒక పూట తిండి తగ్గించి మిగిల్చింది అందులో వేయాలి. వచ్చినదాంట్లో 75 శాతం విదేశాల్లో పనికి, 25 శాతం మీ మేత్రాసనంలోనే ఆకలి, పేదరికం పనులకి. పిల్లలకి ఈ పంపకం చెప్పండి, రెండో తరగతి వాళ్లకి నాలుగు క్వార్టర్లు బల్ల మీద పెట్టి మూడు ఇటు, ఒకటి అటు జరిపితే ఇట్టే అర్థమవుతుంది.

కష్టమంతా చిల్లరతోనే. రోల్ కాగితాలు బ్యాంకులో అడగండి: పెన్నీలు 50 అయితే అర డాలరు, నికెల్స్ 40 అయితే 2 డాలర్లు, డైములు 50 అయితే 5, క్వార్టర్లు 40 అయితే 10. పిల్లలు విడదీసి పదేసి దొంతరలు పెడతారు, చుట్టడం మాత్రం పెద్దవాళ్ల పని. పిల్లలు చుట్టిన రోల్‌లో 49 ఉంటాయి. క్వార్టర్ 5.67 గ్రాములు, అంటే 100 డాలర్ల క్వార్టర్లు రెండుంపావు కిలోల పైమాట. సూపర్‌మార్కెట్లో చిల్లర మార్చే మెషీన్‌లో పోయకండి, నగదు కావాలంటే కమీషన్ కోసుకుంటుంది.

లెక్కపెట్టేటప్పుడు బంధువులు కాని ఇద్దరు పెద్దవాళ్లు తప్పకుండా ఉండాలి. ఇద్దరూ కాగితం మీద సంతకం పెట్టి, డబ్బు ఆ రోజే ఆఫీసుకి అప్పగించాలి. రాత్రికి ఇంటికి పట్టుకెళ్లొద్దు. మీ మీద అనుమానంతో చెప్పడం లేదు. 3 డాలర్ల తేడా వచ్చినా మాట పడేది ఇంటికి తీసుకెళ్లినవాళ్లే.

నూనె_పొయ్యి:
ఫిష్ ఫ్రైకి రండి, భయపడకండి. లెంట్‌లో శుక్రవారాలు కాథలిక్కులు మాంసం తినరు, 14 ఏళ్లు నిండినవాళ్లకి ఆ నియమం. అందుకే ఆ సాయంత్రాలు చేపలు. గుడ్‌ఫ్రైడేతో కలిపి ఈసారి ఏడు శుక్రవారాలు, ఫిబ్రవరి 20 నుంచి ఏప్రిల్ 3 దాకా. అన్ని వారాలూ పెడతారో లేదో చర్చి బులెటిన్‌లో చూసుకోండి. చేపని ముట్టుకోనక్కర్లేని పనులు బోలెడు: టికెట్లు, డెజర్ట్ బల్ల, కోల్‌స్లా (క్యాబేజీ సలాడ్) కప్పుల్లో నింపడం, పార్సిల్ లైన్లో ఆర్డరు చదవడం. ఒక షిఫ్టు మామూలుగా 3 గంటలు, కాబట్టి ఐదు శుక్రవారాలు చేస్తే 15 గంటలు. నూనె 350 నుంచి 375 ఫారన్‌హీట్‌లో ఉంటుంది, పిల్లల్ని ఆ వైపే రానివ్వరు. పాప బల్లలు తుడవొచ్చు, క్రేయాన్లు పంచొచ్చు. ఇంటికొచ్చాక జుట్టుకి నూనె వాసన రెండు రోజులు పోదు, చున్నీ కట్టుకోండి.

గంటల పుస్తకంలో ఆ రాత్రే రాయించుకోండి. మే నెలలో ఎవరికీ గుర్తుండదు.

కొలంబస్_అమ్మ:
అందరికీ థాంక్సండీ. రేపే పాస్‌పోర్టుతో చర్చి ఆఫీసుకి వెళ్తా. ఇంకో చిన్న ప్రశ్న. ఇక్కడి తెలుగు వాళ్లం నలుగురం కలిసి సోనా మసూరి 20 పౌన్ల సంచులు, కందిపప్పు ఇద్దామనుకుంటున్నాం. 2 పౌన్ల జిప్ కవర్లలో మేమే పోసి ఇవ్వొచ్చా?

ప్యాంట్రీ_శనివారం:
విప్పొద్దండి. విప్పి వేరే కవర్లో పోసిన సరుకుకి లేబుల్ ఉండదు, తేదీ ఉండదు, చాలా ప్యాంట్రీలు పక్కన పెట్టేస్తాయి. 20 పౌన్ల సంచి విప్పకుండా ఇచ్చినా అది ఒకే కుటుంబానికి వెళ్తుంది, లేదా విప్పి పంచడానికి మనుషులు లేక మూలన పడుంటుంది. కంపెనీ సీలుతో 2 పౌన్ల ప్యాకెట్లు కొనండి. కందిపప్పు వండటం తెలియని ఇళ్లే ఎక్కువ, మసూర్ అయితే సూప్‌లో వేసుకుంటారు. ప్యాకెట్ మీద వండే విధానం ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసిన చీటీ అంటించండి: కప్పు పప్పు, మూడు కప్పుల నీళ్లు, 20 నిమిషాలు. ఆ చీటీలు పిల్లలతోనే రాయించండి, రాసిన గంట సర్వీస్ కింద చెల్లుతుందో లేదో టీచరుని అడిగి.