నర్సింగ్ విద్యార్థుల కోవిడ్ జాగ్రత్తలపై ప్రాజెక్ట్: ఏం అడగాలి?

ప్రశ్న (బీఎస్సీ నర్సింగ్, నాలుగో సంవత్సరం)

మా గ్రూప్ రీసెర్చ్ ప్రాజెక్ట్‌కి 30 ప్రశ్నలు రాశాం. ముందుగా 10 మంది జూనియర్లకి ఇచ్చి చూస్తే అందరికీ 25 పైనే వచ్చాయి. ‘చేతులు కడుక్కుంటారా?’ అంటే అందరూ ‘ఎప్పుడూ’ దగ్గరే టిక్ పెట్టారు. వార్డులో నేను చూసేది మాత్రం వేరు. 2020, 21లో చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? తప్పులు నిజంగా ఎక్కడ జరిగేవి?

జవాబు 1 (స్టాఫ్ నర్స్)

చెల్లీ, 2020 మార్చిలో హాస్టల్ ఖాళీ చేయించినప్పుడు నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదువుతున్నాను. పీపీఈ కిట్ వేసుకోవడం, విప్పడం ఇంట్లో ఫోన్‌లో వీడియో చూసి నేర్చుకున్నాను. పరీక్షలో వరస తప్పకుండా రాశాను కూడా. 2021 మేలో కోర్సు అయిపోగానే కోవిడ్ వార్డులో డ్యూటీ వేశారు.

పేషెంట్ దగ్గర మేమెవరం తప్పు చేయలేదు. అక్కడ భయం ఉంటుంది కదా. తప్పు జరిగింది బయటికొచ్చాక. ఆరు గంటలు కిట్‌లో ఉడికిపోయి, దాహంతో ముందు మాస్క్ లాగేయబోయాను. సీనియర్ సిస్టర్ గట్టిగా అరిచి ఆపారు. ముందు గ్లౌజులు, తర్వాత కళ్లద్దాలు, గౌను. మాస్క్ అన్నిటికన్నా చివర, అదీ వార్డు బయట. ఇదంతా నాకు తెలుసు, అయినా చెయ్యి మాస్క్ మీదికే పోయింది.

ఇంకోటి. డ్యూటీ రూంలో నలుగురం మాస్కులు గడ్డం కిందికి లాక్కుని ఒకే టిఫిన్ డబ్బాలో పులిహోర తిన్నాం. మూడో రోజు ఒకమ్మాయికి జ్వరం, ఆ వారంలోనే ఇంకో ఇద్దరికి. అందరూ కోలుకున్నారు కానీ, వాళ్ల అమ్మానాన్నలకి ఫోన్ చేసి చెప్పిన ఆ రాత్రి నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే ‘మాస్క్ పెట్టుకుంటారా?’ అని అడగకు. ‘నిన్న అన్నం ఎక్కడ తిన్నారు, పక్కన ఎవరు కూర్చున్నారు?’ అని అడుగు. చేతులు కడగడం గురించి అసలు అడగొద్దు, గడియారం పెట్టి చూడు. సబ్బూ నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు, హ్యాండ్ రబ్ (శానిటైజర్) అయితే 20 నుంచి 30. పేషెంట్‌ని ముట్టుకున్నాక అందరూ కడుగుతారు. మంచం రెయిలింగ్, సెలైన్ స్టాండ్ ముట్టుకున్నాక ఎంతమంది కడుగుతారో లెక్క రాసుకో.

జవాబు 2 (నర్సింగ్ ట్యూటర్)

సిస్టర్ చెప్పింది నిజం. అయితే అమ్మా, చెప్పకుండా గమనించకూడదు. ఎథిక్స్ కమిటీ (పరిశోధనలు న్యాయంగా జరుగుతున్నాయో చూసే కమిటీ) అనుమతి, వార్డు ఇన్‌ఛార్జ్ అనుమతి తీసుకోండి. చూస్తున్నారని తెలిస్తే మొదటి రోజు అందరూ బాగానే కడుగుతారు, అందుకని కొన్ని రోజులు వరసగా వెళ్లండి. సింక్ దగ్గర సబ్బు, నీళ్లు ఉన్నాయో లేదో కూడా రాయండి. అవి లేనిచోట పిల్లల్ని తప్పుపట్టడం అన్యాయం.

ప్రశ్న అడిగినవారు

థాంక్యూ అక్కా, థాంక్యూ మేడమ్. ఇప్పుడే గుర్తొచ్చింది, మా మేల్ వార్డులో సింక్ ఒక్కటే, అదీ తలుపు పక్కన. చివరి మంచం నుంచి ఎన్ని అడుగులుందో రేపు కొలుస్తాను.