గ్వాటెమాలా మాయా పల్లెల్లో కాన్పు: మంత్రసాని గేటు బయటే ఉండాలా?

గోదారిగట్టు: మధ్య అమెరికాలోని గ్వాటెమాలా పడమటి కొండల్లో కిచే, మామ్, కక్చికెల్ లాంటి భాషలు మాట్లాడే మాయా ఆదివాసుల్లో చాలామందికి ఇప్పటికీ ఇంట్లోనే కాన్పు. చేసేది కొమద్రోనా, అంటే మన మంత్రసాని. కాన్పు మరణాలు మాయా ఆడవాళ్లలో మిగతావాళ్లకంటే దాదాపు రెట్టింపు. ఇంటి కాన్పులు మాన్పించి అందర్నీ ఆసుపత్రికి తేవడమే కదా దారి?

నైట్‌డ్యూటీ: ముమ్మాటికీ. అక్కడ ఎక్కువ ప్రాణాలు తీసేది కాన్పయ్యాక ఆగని రక్తస్రావం. ఇరవై ఏళ్లుగా లేబర్ రూములో ఉన్నాను. అప్పటిదాకా బిడ్డ ఎవరి పోలికో అని నవ్వుతున్న మనిషి పెదాలు చూస్తుండగానే తెల్లబడతాయి. అప్పుడు కావలసింది రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ మందు, ఎక్కించడానికి రక్తం, ఆపరేషన్ థియేటర్. మంత్రసాని దగ్గర అవి ఉండవు.

మునగాకు: నర్సు గారూ, రక్తం సంగతి కాదనను. కానీ నెలల తరబడి పొట్ట చూసిన కొమద్రోనాని చాలా ఆసుపత్రుల్లో లోపలికి రానివ్వరు. లోపల అంతా స్పానిష్, కనడానికొచ్చిన మనిషికి వచ్చింది మామ్. సొంత నేత బట్టలు తీయిస్తారు. మోకాళ్ల మీద ఉండి కనే అలవాటున్న మనిషిని వెల్లకిలా పడుకోబెడతారు. బాలింతకు ఒళ్లు వెచ్చగా ఉండాలని ఇంటి దగ్గరైతే ఆవిరి గదిలో స్నానం చేయిస్తారు, ఆసుపత్రిలో చన్నీళ్లు. మన అమ్మమ్మలైతే ఒప్పుకునేవాళ్లా?

నైట్‌డ్యూటీ: చన్నీళ్లకు భయపడి ప్రాణం మీదికి తెచ్చుకుంటారా అండీ?

మునగాకు: భయం నీళ్లకు కాదండీ. 1960 నుంచి 1996 దాకా అక్కడ అంతర్యుద్ధం. గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయా జనమేనని 1999లో సత్యశోధన కమిషన్ తేల్చింది. ఎక్కువ హత్యలు చేసింది సైన్యమే. అలాంటి చోట సర్కారు గుమ్మం తొక్కాలంటే తెలిసిన మనిషి పక్కన ఉండాలి. మే 19ని జాతీయ కొమద్రోనా దినంగా 2015లో ప్రకటించారు లెండి. ఆ ఒక్కరోజూ సన్మానం, మర్నాటి నుంచి మళ్లీ గేటు బయటే.

పాడేరుఘాట్: మాది ఏజెన్సీ. డోలీ మోత చూస్తూ పెరిగాను. నెలలు నిండినవాళ్లను ముందే తెచ్చి ఉంచే వసతిగృహాలు మాకూ పెట్టారు, గ్వాటెమాలాలోనూ అలాంటివి ఉన్నాయి. మా పెద్దమ్మ కూతుర్ని ఒకదాంట్లో దింపితే రెండోరోజే తిరిగొచ్చేసింది. మంచం బాగానే ఉంది, తిండీ పెట్టారు. "మాట్లాడ్డానికి ఎవరూ లేరు, చిన్నోడు ఇంటికాడ ఏడుస్తున్నాడు" అంది.

నైట్‌డ్యూటీ: సరే, కొమద్రోనాని లోపలికి రానివ్వమనే అంటాను. తలాపున నిలబడి వాళ్ల భాషలో ధైర్యం చెబితే నా పనీ తేలికే. ఒక్కటే షరతు. రక్తం ఎక్కువ పోతోందనిపిస్తే మొగుడు, అత్త ఒప్పుకునేదాకా ఆగకుండా ఆమే బయల్దేరదీయాలి.

పాడేరుఘాట్: బయల్దేరదీస్తుందండీ. అర్ధరాత్రి ఆ కొండ మీంచి దింపడానికి పికప్ బండి కిరాయి ఎవరిస్తారు?