లడఖ్ బౌద్ధారామాలు: పెద్దవారితో వెళ్లేటప్పుడు ఏ క్రమంలో చూడాలి?

హనుమకొండ వాసి:
అందరికీ నమస్కారం. జూన్ నెలాఖరులో అమ్మానాన్నలను లడఖ్ తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను. నాన్నగారు చరిత్ర ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేశారు. ధూళికట్ట, ఫణిగిరి స్తూపాలను చూసినప్పటి నుంచి, బౌద్ధం నేటికీ నిత్యజీవితంగా సాగుతున్న చోటు ఒకటి చూడాలన్నది ఆయన కోరిక. ఆయనకు బీపీ ఉంది, అమ్మకు మోకాళ్ల నొప్పులు. లేహ్‌లో దిగిన రోజు మధ్యాహ్నమే థిక్సే ఆరామం, మరునాడు ఖర్దుంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయ అని ట్రావెల్స్ వారు చెబుతున్నారు. ఇది సరైన పద్ధతేనా? ఆరామాల లోపల ఎలా మెలగాలి?

కాజీపేట బాటసారి:
ఆ ప్రణాళికకు ఒప్పుకోకండి. మన వరంగల్ సముద్రమట్టానికి 300 మీటర్ల లోపు ఎత్తులో ఉంటే లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఢిల్లీ నుంచి విమానంలో గంటన్నర లోపే అక్కడ దిగే శరీరానికి ఆ పలుచని గాలికి అలవాటు పడే వ్యవధి దొరకదు. మొదటి రెండు రోజులు బసలోనే విశ్రాంతి తీసుకోవాలి. 5,300 మీటర్లు దాటిన ఖర్దుంగ్ లాను చివరికి పెట్టుకోండి, లేదా పూర్తిగా మానుకోండి. ఎత్తు వల్ల వచ్చే అస్వస్థతను నివారించడానికి వాడే ఎసిటజోలమైడ్ మాత్రల గురించి బీపీ చూసే వైద్యుణ్ణే అడగండి. సల్ఫా మందులు పడని విషయం ఉంటే ముందుగా చెప్పాలి. తలనొప్పి, వికారం తగ్గనంతవరకు ఇంకా పైకి వెళ్లకూడదు. కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, నడక తడబడినా ఆలస్యం చేయకుండా కిందికి దింపి వైద్యం చేయించాలి. అన్నట్టు, మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఒకటి ఉంచుకోండి.

కరీంనగర్ చరిత్రాభిమాని:
పై సలహాతో ఏకీభవిస్తూ, చూడవలసిన వాటి గురించి నా అభిప్రాయం చెబుతాను. విశ్రాంతి తరువాత మొదట ఆల్చి ఆరామానికి వెళ్లండి. అది లేహ్ కంటే తక్కువ ఎత్తులో సింధు నది ఒడ్డున ఉంది, కొండ ఎక్కే పని లేదు కనుక మీ అమ్మగారికీ సుఖం. అక్కడి మూడంతస్తుల సుమ్‌చెక్ ఆలయంలో కాశ్మీరీ శైలి కుడ్యచిత్రాలు ఉన్నాయి. రాబోయే బుద్ధుడిగా భావించే మైత్రేయుని విగ్రహపు ధోవతి మీద బుద్ధుని జీవిత ఘట్టాలనే చిత్రించారు. లోపల ఫోటోలు తీయనివ్వరు, చీకటిగా ఉంటుంది, కాబట్టి కళ్లు అలవాటు పడేదాకా ఓపికగా నిలబడాలి. నన్నడిగితే, ఒక్క పూటలో నాలుగు గోంపాలు (ఆరామాలు) చుట్టి రావడం కంటే ఆల్చిలో ఒక పూట గడపడం మేలు.

నిత్యజీవితం చూడాలంటే థిక్సే. తెల్లవారుజామున భిక్షువుల ప్రార్థనకు సందర్శకులను రానిస్తారు. దలైలామా 1970 పర్యటనకు గుర్తుగా నిర్మించిన, సుమారు 15 మీటర్ల మైత్రేయ విగ్రహం కూడా అక్కడే ఉంది. స్తూపాలను, మణి గోడలను (మంత్రాలు చెక్కిన రాళ్లు పేర్చిన గోడలను) మన కుడివైపు ఉంచుకుని ప్రదక్షిణంగా నడవాలి. చెప్పులు, టోపీ తీయాలి. గ్రంథాలను, వాద్యాలను తాకకూడదు. విగ్రహాల వైపు కాళ్లు చాపకూడదు.

నాన్నగారికి ఒక మాట చెప్పండి: టిబెటన్ సంప్రదాయ చిత్రాలలో తల వెనుక నాగపడగలతో కనిపించే ఆచార్యుడు నాగార్జునుడే. కాలచక్ర అనే తాంత్రిక బోధను బుద్ధుడు ధాన్యకటకంలో, అంటే మన అమరావతి దగ్గర, చేశాడని కూడా ఆ సంప్రదాయం నమ్ముతుంది. 2006లో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్షోత్సవం నిర్వహించడానికి నేపథ్యం అదే. లడఖ్ ఆరామాల గోడల మీద మన ఆంధ్రదేశపు ఆచార్యుణ్ణి చూసి ఆయన సంతోషిస్తారు.

హనుమకొండ వాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నుబ్రాను తీసివేయమని చెప్పాను. థిక్సే మెట్లు అమ్మ ఎక్కగలరా? హేమిస్ ఆరామంలో జరిగే ఉత్సవం మా తేదీలలో పడితే వెళ్లవచ్చా?

కరీంనగర్ చరిత్రాభిమాని:
థిక్సేలో వాహనం ఆరామ ద్వారం దాకా వెళుతుంది, ఆపైన మెట్లున్నాయి. మైత్రేయ మందిరం వరకు ఆగుతూ ఎక్కితే చాలు, పై అంతస్తులు విడిచిపెట్టవచ్చు. హేమిస్ ఉత్సవం, టిబెట్‌లో బౌద్ధాన్ని నెలకొల్పిన గురువుగా కొలిచే పద్మసంభవుని పేర టిబెటన్ పంచాంగంలో ఐదవ నెల దశమికి మొదలవుతుంది, కనుక ఏటా జూన్, జూలైలలో తేదీ మారుతుంది. ముసుగు నృత్యాలు అద్భుతమే గానీ, ప్రాంగణంలో జనం మధ్య గంటల తరబడి నేలమీద కూర్చోవాలి. నాన్నగారిని మీరు తీసుకువెళ్లి, అమ్మగారిని ఆ పూట లేహ్‌లోనే ఉండమనండి.