కీరదోసకాయ సీసాలకు సీలు పెట్టాలా, మన ఉప్పూ ఎండా చాలవా?

మిర్యాలగూడ కోడలు:
అమెరికాలో ఉన్న మా ఆడపడుచు చలికాలం కోసం కీరదోసకాయల్ని వెనిగర్‌లో వేసి, మూత పెట్టిన సీసాల్ని మరిగే నీళ్లలో ఉంచి తీస్తుంది. ఏడాది నిలవ ఉంటాయట. నేనూ నాలుగు సీసాలు పెట్టాను, కానీ మరిగించలేదు. బయటే అల్మరాలో ఉంచాను. పన్నెండో రోజుకు వెల్లుల్లి రెబ్బలు నీలంగా మారాయి. మా అత్తమ్మ విషమని రెండు సీసాలు పారబోసింది. మిగతా రెండు ఉంచుకోవచ్చా? అసలు మనకు ఈ సీలు గోల అవసరమా?

పాలమూరు పాతకాపు:
అవసరం లేదమ్మా. మంచు పడే దేశంలో చలికాలం తోటలో ఏమీ ఉండదు, అందుకే వాళ్లకా తిప్పలు. మన దగ్గర సంక్రాంతికి కూడా బండి మీద కీర దొరుకుతుంది. మనం దాచుకునేది ఎండాకాలానికి. మా అమ్మ చేలో కాసిన బుడమకాయల్ని చక్రాల్లా కోసి, ఉప్పు రాసి, నులకమంచం మీద పాతచీర పరిచి ఆరబోసేది. బాగా ఎండాక చేట్లో పోస్తే గలగలమనేవి. గ్యాసు ఖర్చు లేదు, టెన్షన్ లేదు.

ఫుడ్‌సైన్స్ అక్క:
అన్నా, వరుగు సంగతి వేరు. అందులో తడి ఉండదు. కీరలో 95 శాతం నీళ్లే, పులుపు దాదాపు లేదు. గాలి తగలని సీసాలో పులుపు చాలకపోతే బొటులినం అనే, ప్రాణాంతక విషం తయారుచేసే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాని బీజాలు మరిగే నీళ్లకు కూడా చావవు. దాన్ని ఆపేది పులుపే. పులుపును కొలిచే పీహెచ్ అంకె 4.6 కంటే తక్కువ ఉండాలి, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువన్నమాట. మరిగించేది బూజు, ఈస్టు పోవడానికి, మూత బిగుసుకోవడానికి. అరలీటరు సీసాకు 10 నిమిషాలు. మీ పాలమూరు దాదాపు 500 మీటర్ల ఎత్తు, అక్కడ 15 పెట్టాలి.
వెల్లుల్లి నీలమైతే భయం లేదు, పులుపుకు అలా మారుతుంది. అది సరే, ఏ వెనిగర్ వాడారు, నీళ్లెన్ని కలిపారు?

పాలమూరు పాతకాపు:
మరి దోసావకాయకు ఎవరు సీలు పెట్టారు?

ఫుడ్‌సైన్స్ అక్క:
దాన్ని ఏడాది ఎవరు ఉంచారన్నా? మామిడికి సొంత పులుపుంది, ఆ జాడీ ఏడాది నిలుస్తుంది. దోసావకాయ మా ఇంట్లో పదిహేను రోజులకే ఖాళీ.

నల్గొండ బోరుబావి:
ఒక్క మాట. మా బోరు నీళ్లతో మాత్రం పెట్టకండి. సున్నం ఎక్కువున్న నీళ్లు పులుపును కొంత తినేస్తాయి, రసం కూడా మసకబారుతుంది. ఇక మన జిల్లా ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే, కాచినా పోదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడండి. కీరకు పువ్వు రాలిన కొన కొంచెం కోసేయండి, లేకపోతే ముక్క మెత్తబడుతుంది.

మిర్యాలగూడ కోడలు:
ఇప్పుడే వెనిగర్ సీసా చూశాను, ఆమ్లం 4 శాతం అని ఉంది. ఆడపడుచును అడిగితే తను వాడేది 5 శాతం, నీళ్లు సగానికి సగం. నేను ఒకటికి మూడు పోశాను.

ఫుడ్‌సైన్స్ అక్క:
రుచి కూడా చూడొద్దు, పారబోయండి. ఈసారి 5 శాతం దొరక్కపోతే కొంచెమే పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, త్వరగా తినేయండి.

మిర్యాలగూడ కోడలు:
పారబోశాను. అత్తమ్మ వాకిట్లోనే కూర్చుని చూసింది. వెల్లుల్లి వల్ల కాదని చెప్పబోయాను, వినలేదు. పొద్దున్నుంచి వాడకట్టంతా ఇదే ముచ్చట.