అప్‌డేట్: రాత్రి 2కి లేచి అరిచే 13 ఏళ్ల స్పిట్జ్

పాత ప్రశ్న ఇదీ: 10 కిలోల స్పిట్జ్ కుక్క పగలంతా పడుకుని రాత్రి 2కి లేచి అరుస్తోంది, తలుపు తెరుచుకునే వైపు కాకుండా బందుల వైపు నిలబడిపోతోంది, ఇంట్లోనే మూత్రం పోస్తోంది. ఇది మతిమరుపేనా?

ఆ మాట చివర్లో అనాలట, పశువుల డాక్టరు చెప్పారు. ముందు రక్తం, మూత్రం, బీపీ, థైరాయిడ్, కళ్లు, కీళ్లు చూశారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ బయటపడింది. యాంటీబయాటిక్‌తో ఇంట్లో పోయడం ఆగింది. అరుపులు, దారి తప్పడం ఆగలేదు. అప్పుడు గానీ కాగ్నిటివ్ డిస్‌ఫంక్షన్ (ముసలి కుక్కలకు వచ్చే మతిమరుపు జబ్బు) అని తేల్చలేదు.

మందు సెలెజిలిన్: కిలోకు 0.5 మి.గ్రా. లెక్కన 5 మి.గ్రా. బిళ్ల, పొద్దున్నే ఒకటి. సాయంత్రం వేస్తే ఉన్న నిద్ర కూడా చెడొచ్చు. గుణం తెలియడానికి 4–6 వారాలు పడుతుంది, పది రోజులకే మానేస్తే లాభం లేదు. అసలు జాగ్రత్త వేరే ఉంది. కీళ్ల నొప్పికిచ్చే ట్రమడాల్ గానీ, ఆందోళనకిచ్చే ఫ్లూఆక్సెటిన్, అమిట్రిప్టిలిన్ గానీ దీనితో కలిస్తే సెరటోనిన్ అనే మెదడు రసాయనం పెరిగి ప్రాణం మీదికి రావొచ్చు. పిడుదులకు వాడే అమిట్రాజ్ కూడా కలపకూడదు. అమిట్రాజ్ వాడుతున్న సంగతి చాలామంది డాక్టరుకు చెప్పరు, అదో మందని లెక్కే వేయరు మరి.

మెదడుకు శక్తి కోసం ఇచ్చే ఎంసీటీ నూనె (కొబ్బరి నూనె లాంటి వాటి నుంచి తీసే కొవ్వు) పావు చెంచాతో మొదలు; ఒక్కసారిగా పెంచితే విరేచనాలే. పాంక్రియాస్ వాపు వచ్చిన కుక్కకు వద్దు.

హాల్లో జీరో వాట్ బల్బు, జారే టైల్స్ మీద యోగా మ్యాట్, 11కి చివరిసారి బయటికి. గిన్నె, పక్క చోటు మార్చడం లేదు.

ఇది ఏడో వారం. వారానికి 6 రాత్రుల అరుపులు 2 రాత్రులకు తగ్గాయి. తలుపు దగ్గర తికమక అలాగే ఉంది.