మందులు తక్కువ రాసే, మన మాట వినే పిల్లల డాక్టర్‌ని ఎలా వెతుక్కోవాలి?

చిట్టితల్లి:
నమస్తే అండీ. మేముండేది కూకట్‌పల్లి. పాపకి మూడో నెల నడుస్తోంది. తల్లిపాలే ఇస్తున్నా, 6 వారాల టీకాలు అయ్యాయి. టీకాలు మానే ఉద్దేశం లేదు. కానీ ముక్కు కాస్త కారితే చాలు మూడు సీసాలు రాసేస్తున్నారు, నూనె మర్దన గురించి అడిగినా విసుక్కుంటున్నారు. ముందు ఇంట్లో చేసుకోగలిగింది చెప్పి, అవసరమైతేనే మందు రాసేవాళ్లు కావాలి. డాక్టర్ల పేర్లు అక్కర్లేదు, ఎలా గుర్తుపట్టాలో చెప్పండి చాలు. మొదటిసారి ఏం అడగాలి? అత్తయ్య వస కొమ్ము అరగదీసి నాకిద్దామంటున్నారు, వారానికోసారి ఆముదం పడదామంటున్నారు. 10 వారాల టీకాలు ఒకేరోజు కాకుండా విడివిడిగా వేయించుకోవచ్చా?

రేగుపండు:
అన్నిటికంటే ముందు మీ అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు నలుగురు తల్లుల దగ్గర పోయినసారి జలుబుకి రాసిన చీటీలు అడిగి చూడండి. "డాక్టర్ మంచివారు" అనే మాట కంటే ఆ చీటీ ఎక్కువ చెబుతుంది. జ్వరం లేని రెండు రోజుల జలుబుకి యాంటీబయాటిక్, క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ అనే రెండు జలుబు మందులు కలిపిన సిరప్, పైన నెబులైజర్ ఉంటే ఆ క్లినిక్ వదిలేయండి. ఆ రెండు జలుబు మందులూ కలిపిన సిరప్ నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే సీసా మీద రాయించమంది. దగ్గు సిరప్‌లు రెండేళ్ల లోపు పిల్లలకి రాయొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ మళ్లీ చెప్పింది. ఇది తెలిసిన డాక్టర్ చీటీలో సెలైన్ ముక్కు చుక్కలు, పాలు తరచుగా పట్టమని ఒక మాట, ఏం కనిపిస్తే వెనక్కి రావాలో ఒక వాక్యం ఉంటాయి.

మొదటిసారి పాప ఒంట్లో బాగున్నప్పుడే వెళ్లండి. జ్వరంతో ఏడుస్తున్న పిల్లని ఒళ్లో పెట్టుకుని ఎవరూ అభిప్రాయాలు మాట్లాడుకోలేరు. సాయంత్రం ఏడింటికి బయట ఇరవై మంది ఉంటారు. "బరువు చూపించాలి, పది నిమిషాలు మాట్లాడాలి" అని రిసెప్షన్‌లో ముందే చెప్పి పొద్దున చివరి టోకెన్ తీసుకోండి.

అడగాల్సినవి మూడే. జలుబు మూడో రోజు ఏం చేస్తారు? యాంటీబయాటిక్ ఏ లక్షణం చూసి మొదలుపెడతారు? పాలు చాలట్లేదని నేనంటే ఏం చూస్తారు? మూడోదానికి జవాబు జాగ్రత్తగా వినండి. మంచి డాక్టర్ బరువు తూస్తారు, ఎదురుగా పాలు పట్టించి పాప ఎలా పట్టుకుంటోందో చూస్తారు, రోజుకి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోందని అడుగుతారు (ఆరుసార్లు దాటితే సాధారణంగా పాలు సరిపోతున్నట్టే). అవేవీ చూడకుండా పాల డబ్బా పేరు చెబితే లేచి వచ్చేయండి. ఆసుపత్రిలో పాల డబ్బా కంపెనీ పోస్టర్ పెట్టడం 1992 చట్టం ప్రకారం నిషేధం, గోడలు కూడా ఒకసారి చూడండి.

డాక్టర్ పేరు పక్కన ఉండే డిగ్రీల్లో ఎండీ, డీఎన్‌బీ మూడేళ్లు, డీసీహెచ్ రెండేళ్ల డిప్లొమా. ఏదైనా పిల్లల వైద్యం చదివినవాళ్లే. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, తెలంగాణ మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. మనసు విప్పి మాట్లాడతారా లేదా అన్నది డిగ్రీ చెప్పదు.

వేపకొమ్మ:
ఇంటి వైద్యం అంతా ఒకే గంపలో వేయకండి చిట్టితల్లి గారూ. డాక్టర్లు విసుక్కునేది అక్కడే. "మాకు నేచురల్ ఇష్టం" అనగానే వాళ్ల బుర్రలోకి ముక్కులో నూనె, పొట్ట మీద చురకలు వస్తాయి. ఒక్కోటి విడిగా అడగండి.

కొబ్బరి నూనెతోనో నువ్వుల నూనెతోనో మర్దనకి సాధారణంగా డాక్టర్లు వద్దనరు. గట్టిగా లాగడం, పాప రొమ్ములు పిండడం, ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు వేయడం మాత్రం వద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. దానితో వచ్చే న్యుమోనియా మామూలు యాంటీబయాటిక్‌కి తగ్గదు.

ఆముదం ఈ వయసులో అసలే వద్దు. విరేచనాలయి నీరసపడుతుంది, పొలమారితే అదీ ఊపిరితిత్తుల్లోకే. తల్లిపాలు తాగే పాప రోజుకి ఏడెనిమిది సార్లు వెళ్లినా, నాలుగైదు రోజులు వెళ్లకపోయినా మెత్తగా ఉంటే సమస్య లేదు. ఆ మాట డాక్టర్ నోట చెప్పిస్తే అత్తయ్య గారు వింటారు. ఆవిడని కూడా వెంట తీసుకెళ్లండి. పెద్దావిడకి గౌరవంగా, నెమ్మదిగా చెప్పే డాక్టర్ అయితే మీ వెతుకులాట సగం అయినట్టే.

వస ఎక్కువైతే వాంతులు, మగత వస్తాయి. ఎంత అరిగిందో కొలత లేదు, సాన కడిగిన నీళ్లు ఎలాంటివో తెలియదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు, డాక్టర్ రాసిన విటమిన్ డి చుక్కలు (రోజుకి 400 యూనిట్లు), మందులు, టీకా చుక్కలు తప్ప నోట్లోకి ఏదీ పోకూడదు. వాము నీళ్లు, గ్రైప్ వాటర్ కూడా అందులోకే వస్తాయి. తేనె ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు భయం. ఏడాది దాటాక రాత్రి దగ్గుకి అర చెంచా తేనె ఇస్తే డాక్టర్లే బాగుందంటారు.

సాంబ్రాణి పొగ పిల్లికూతలు తెస్తుంది. కర్పూరం కలిపిన నూనె ఛాతీకి రాయొద్దు, చర్మం నుంచి లోపలికెళ్లి ఫిట్స్ తెప్పించగలదు. కాటుకలో సీసం ఉండొచ్చు. దిష్టి చుక్క పెట్టాలనుంటే అరికాలికి పెట్టండి, కంట్లో వద్దు.

తెనాలి వాసి:
టీకాల సంగతి. 10 వారాలకి ప్రభుత్వ పట్టికలో పెంటావాలెంట్ ఇంజెక్షన్ (కోరింత దగ్గుతో సహా ఐదు జబ్బులకి ఒకే సూది), పోలియో చుక్కలు, విరేచనాల జబ్బుకి రోటావైరస్ చుక్కలు. అంటే సూది ఒక్కటే, విడదీయడానికి అక్కడ ఏమీ లేదు. 14 వారాలకి పెంటాతో పాటు న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకోకల్, పోలియో ఇంజెక్షన్ ఉంటాయి. వాటిని వారం వారం చేస్తే పాపకి పొడిచే రోజులు పెరుగుతాయి, ప్రమాదం ఉన్న రోజులూ పెరుగుతాయి. కోరింత దగ్గు ప్రాణం తీసేది ఎక్కువగా ఆరు నెలల లోపు పిల్లలకే. అందుకే వాయిదాకి ఒప్పుకోని డాక్టర్‌ని మొండివాళ్లనుకోకండి.

మీ ఇష్టానికి చోటున్నవి వేరే ఉన్నాయి. సూది వేసేటప్పుడు పాలు పట్టనిస్తారా? పాపని ఒళ్లోనే ఉంచనిస్తారా? అడగండి, నొప్పి నిజంగా తగ్గుతుంది. జ్వరం తక్కువ తెచ్చే, "నొప్పిలేనిది" అని పిలిచే ఎసెల్యులర్ రకం కోరింత దగ్గు టీకా ప్రైవేటులో దొరుకుతుంది. పాత రకం రక్షణ ఎక్కువ కాలం నిలుస్తుంది. రెండిట్లో ఏదన్నది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవచ్చు. టీకాకి ముందే పారాసిటమాల్ పట్టక్కర్లేదు, జ్వరం వస్తే డాక్టర్‌ని అడిగి పడితే చాలు.

పారాసిటమాల్ మోతాదు బరువుని బట్టి: కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 5 కిలోల పాపకి 50 నుంచి 75. చుక్కల సీసాలో 1 మి.లీ.కి 100 మిల్లీగ్రాములుంటే అర మి.లీ. నుంచి ముప్పావు. 5 మి.లీ.కి 125 ఉన్న సిరప్ అయితే 2 నుంచి 3 మి.లీ. ఇక్కడే ఘోరమైన పొరపాటు జరుగుతుంది: సిరప్ లెక్క గుర్తుపెట్టుకుని చుక్కల సీసాలోంచి 3 మి.లీ. పడితే నాలుగు రెట్లు లోపలికి పోతుంది. మోతాదు "ఎన్ని మి.లీ., ఏ సీసా" అని చీటీ మీద రాయించుకోండి. దానికి విసుక్కునే చోట ఇక మిగతావి అడగడం వృథా.

చిట్టితల్లి:
చాలా థాంక్స్ అండీ. ఇంకొక్కటి. ఆయుర్వేద పిల్లల డాక్టర్‌ని మెయిన్ డాక్టర్‌గా పెట్టుకోవచ్చా?

వేపకొమ్మ:
ఆయుర్వేదంలో కౌమారభృత్య పేరుతో పిల్లల వైద్యంలో ఎండీ ఉంది. మర్దన, బాలింత ఆహారం, ఆరు నెలల తర్వాత ఉగ్గు లాంటివాటికి వెళ్లండి. టీకాలు, ఎదుగుదల చార్టు, జ్వరం మాత్రం పీడియాట్రీషియన్ దగ్గరే. ఒకరిచ్చింది ఇంకొకరికి దాచకండి, సీసా వెంట తీసుకెళ్లండి. పేరు లేని పొడి, భస్మం ఎవరిచ్చినా వద్దు, సీసం, పాదరసం ఉండొచ్చు. కామెర్లు అనిపిస్తే పసరు కోసం తిరగకుండా అదే రోజు రక్త పరీక్ష చేయించండి.

రేగుపండు:
డాక్టర్ కుదిరాక రాత్రిపూట ఫోన్ ఎవరు ఎత్తుతారో, ఏ ఆసుపత్రికి పంపుతారో అడిగి రాసిపెట్టుకోండి. హైదరాబాద్ నిలోఫర్ పిల్లల ఆసుపత్రిలో ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది. మూడు నెలల లోపు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కి చేరినా, దాటినా ఇంటి వైద్యం, ఎదురుచూపు రెండూ లేవు, వెంటనే వెళ్లాలి. టీకా వేసిన రోజు జ్వరమైనా ఫోన్ చేసి అడగండి. పాలు తాగడం మానేస్తే, డొక్కలు ఎగరేస్తే, ఆరేడు గంటలుగా ఉచ్చ పోయకపోతే కూడా వెంటనే వెళ్లాలి. ఊపిరి నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి, పాప నిద్రపోతున్నప్పుడు లేదా ఏడవనప్పుడు: రెండు నెలల లోపు 60, రెండు నుంచి పన్నెండు నెలలకి 50, అంతకు చేరితే ఆటో ఎక్కండి.